గ్యాస్ బండ కాదు, ముందు ఆ మీటరున్నర పైపు చూడండి

"సిలిండర్ పేలి ఇల్లు ధ్వంసం" అని పేపర్లో వార్త వచ్చిన రోజున ఇంట్లో అందరి చూపూ బండ మీదే పడుతుంది. దాన్ని బాల్కనీలోకి మార్చాలా, దాని చుట్టూ గోడ కట్టించాలా అని మాట్లాడుకుంటాం. నిజానికి వంటింట్లో ఉన్న సామాన్లలో అన్నిటికన్నా గట్టిది బండే. చదరపు సెంటీమీటరుకి సుమారు 25 కిలోల ఒత్తిడితో నీళ్లు పట్టించి దాన్ని పరీక్షిస్తారు. మన మే నెల ఎండల్లో కూడా లోపలి ఒత్తిడి అందులో సగానికి చేరదు. చాలా ప్రమాదాల్లో ముందు పేలేది గదిలో నిండిపోయిన గ్యాసు. అది బయటికి వచ్చే దారులు మూడు: బండ మూతి దగ్గరి వాషర్, రెగ్యులేటర్, అక్కడి నుంచి పొయ్యి దాకా వెళ్లే మీటరున్నర పైపు. అందుకే ఈ సమీక్షలో బండకి ఇచ్చిన చోటు కన్నా వీటికి ఇచ్చిన చోటు ఎక్కువ. బండని ఇంటికి తెచ్చి ఇచ్చే సేవ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సగం తప్పులు గుమ్మం దగ్గరే పట్టుకోవచ్చు.

ఎంత గ్యాసు కారితే ప్రమాదమో ముందు ఒక లెక్క చూద్దాం. గాలిలో వంటగ్యాసు దాదాపు 1.8 శాతం నుంచి 9.5 శాతం మధ్య కలిస్తే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు ఉన్న వంటింట్లో గాలి సుమారు 20 ఘనమీటర్లు. అందులో 1.8 శాతమంటే బరువులో కిలో గ్యాసు కూడా కాదు. బండలో ఉండేది 14.2 కిలోలు. పైగా ఈ గ్యాసు గాలి కన్నా దాదాపు రెండింతల బరువు కాబట్టి గది అంతా సమంగా పరుచుకోదు, నేల మీద చాపలా పడుకుంటుంది. కాబట్టి కింద అడుగు ఎత్తులో ఆ 1.8 శాతం చేరడానికి ఇంకా తక్కువ చాలు. ఇంట్లో వాడే ఒక బర్నరు గంటకి సుమారు 100 నుంచి 150 గ్రాములు కాలుస్తుంది. పాలు పొంగి మంట ఆరిపోయి, నాబ్ తిరిగే ఉండిపోయి, రాత్రంతా అలాగే వదిలేస్తే తెల్లారేసరికి ఆ కిలో బయటికి వచ్చేసినట్టే. పైపు ఊడితే అంత సేపు కూడా పట్టదు. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయమని చెప్పేది ఇందుకే. పొయ్యి నాబ్ ఒక్కటీ కట్టేస్తే పైపులో గ్యాసు నిండే ఉంటుంది. రెగ్యులేటర్ కట్టేస్తే పైపుకి చిల్లు ఉన్నా ఆ కాస్త తప్ప రాదు.

ఇక బండ. గుమ్మం దగ్గర దించగానే నాలుగు సంగతులు చూడాలి. నాలుగూ కలిపి ఐదు నిమిషాలు పట్టవు. గ్యాస్ అబ్బాయికి తొందర ఉంటుంది, కింద ఆటోలో ఇంకా ఇరవై బండలు ఉంటాయి. అయినా ఆపి చూడండి. సరిగా లేని బండని వెనక్కి పంపే హక్కు మీకుంది.

మొదటిది సీలు. మూతి మీద కంపెనీ పేరుతో ప్లాస్టిక్ సీలు చెక్కుచెదరకుండా ఉండాలి. దాని కింద నైలాన్ తాడుతో బండకి కట్టిన తెల్ల మూత ఉండాలి. అయితే సీలు బాగున్నంత మాత్రాన గ్యాసు పూర్తిగా ఉందని నమ్మకం లేదు. తూకమే సాక్షి.

రెండోది ఆ తూకం. బండ పిడిని నిలబెట్టే ఇనుప పట్టీల మీద ఖాళీ బండ బరువు రాసి ఉంటుంది. సాధారణంగా 15, 16 కిలోల దగ్గర ఉంటుంది కానీ ఏ రెండు బండలకీ ఒకటే ఉండాలని లేదు. దానికి 14.2 కలపండి. ఖాళీ బరువు 15.6 అని ఉంటే నిండు బండ 29.8 కిలోలు తూగాలి. అటూ ఇటూ 150 గ్రాముల తేడా వరకు ఒప్పుకుంటారు. అంతకు మించి తగ్గితే తీసుకోకండి. తూచి చూపించడానికి కాటా వెంట తేవాల్సిన బాధ్యత డెలివరీకి వచ్చిన మనిషిదే. "కాటా గోడౌన్లో ఉందమ్మా" అన్నది చెల్లే జవాబు కాదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు 50 కిలోలు మోసే కొక్కెం కాటా ఒకటి కొని వాచ్‌మన్ దగ్గర ఉంచితే అందరికీ పనికొస్తుంది. కొక్కెం కాటాకి తగిలించేటప్పుడు బండ నేలకి ఆనకూడదు, ఊగడం ఆగాకే అంకె చదవాలి. బట్టలు ఆరేసే తాడుకో తలుపు గడియకో కాటా కట్టొద్దు. 30 కిలోలు కాలి మీద పడతాయి.

మూడోది పరీక్ష గడువు. పట్టీ లోపలి వైపు ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండంకెల సంవత్సరం ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే జూలై నుంచి సెప్టెంబర్, డీ అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. "సీ 28" అని ఉంటే 2028 సెప్టెంబర్ లోపు ఆ బండని మళ్లీ పరీక్షకి పంపాలని అర్థం. దీన్నే వాట్సాప్‌లో "ఎక్స్‌పైరీ డేట్" అని తిప్పుతుంటారు. గ్యాసు పాడయ్యే తేదీ కాదది, ఆ రోజు దాటగానే బండ పేలుతుందనీ కాదు. అయినా గడువు దాటిన బండని నింపి పంపడం తప్పే కనుక తీసుకోకండి. కిందిభాగం తుప్పు పట్టి పెచ్చులూడుతున్నా, అడుగు రింగు వంగి బండ నిటారుగా నిలబడకపోయినా అంతే.

నాలుగోది, అన్నిటికన్నా విలువైనది, మూతి పరీక్ష. ఇక్కడ రెండు రకాల లీకులు ఉంటాయి. వాటి తేడా తెలిస్తే ఏం చేయాలో కూడా తెలిసిపోతుంది. మూత తీసి మూతి గుంటలో నాలుగు చుక్కల నీళ్లు వేయండి. బుడగలు వస్తే లోపలి పిన్ను సరిగా మూసుకోలేదని. ఇది రెగ్యులేటర్ లేకపోయినా కారే లీకు. వెంటనే తెల్ల మూత బిగించి, "ఇది వద్దు, వేరేది ఇవ్వండి" అనాలి. రెండోది వాషర్ లీకు. మూతి లోపలి అంచున నల్లటి రబ్బరు ఉంగరం ఉంటుంది. అది లేకపోయినా, చిట్లినా, ఎండి గట్టిపడినా, నీళ్ల పరీక్షలో బుడగ రాదు. రెగ్యులేటర్ పెట్టి తిప్పాకే కారుతుంది. అందుకని డెలివరీ అబ్బాయి వెళ్లకముందే రెగ్యులేటర్ బిగించి, పొయ్యి నాబ్‌లన్నీ కట్టేసి, రెగ్యులేటర్ ఆన్ చేసి, బండా రెగ్యులేటరూ కలిసే చోట చుట్టూ సబ్బు నీళ్లు పూయండి. గిన్నెలు తోమే సబ్బు ఒక చెంచా, అరగ్లాసు నీళ్లు చాలు. బుడగలు పెరుగుతుంటే వాషర్ మార్పించాలి. పాత వాషర్‌ని మేకుతోనో పిన్నీసుతోనో పెకిలించి మీరే మార్చే పని పెట్టుకోకండి. గుంట అంచు గీరుకుపోతే కొత్త వాషర్ కూడా ఆనదు. ఇక అగ్గిపుల్ల వెలిగించి లీకు వెతికే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. దయచేసి మానండి.

తెల్ల మూత సంగతి ఇంకో మాట. చాలామంది దాన్ని చెత్తబుట్టలో వేస్తారు, లేదా పిల్లలు ఆడుకోవడానికి ఇస్తారు. పిన్ను లీకైనప్పుడు గ్యాసుని ఆపేది అదొక్కటే. అర్ధరాత్రి వాసన వచ్చి, రెగ్యులేటర్ ఆఫ్ చేసినా ఆగకపోతే, రెగ్యులేటర్ తీసి ఆ మూత నొక్కి బిగించడమే దారి. తాడుతో బండకే కట్టి ఉంచేది అందుకే. తాడు తెంపకండి.

రెగ్యులేటర్‌కి నేను మంచి మార్కులే వేస్తాను. ఏజెన్సీలో డిపాజిట్ కట్టి తీసుకున్న మామూలు రెగ్యులేటర్ చాలా ఏళ్లు పనిచేస్తుంది, మొరాయిస్తే ఏజెన్సీయే చూసి మార్చాలి. పెట్టే తీరు మాత్రం చాలామంది తొందరపడతారు. నాబ్ ఆఫ్‌లో ఉంచి, కింది రింగుని పైకి లాగి పట్టుకుని, మూతి మీద నిటారుగా కూర్చోబెట్టి, కొంచెం నొక్కి, రింగు వదిలేయాలి. "టిక్" మని వినిపించాలి. తర్వాత పైకి లాగి చూస్తే ఊడి రాకూడదు. టిక్ రాకుండా నాబ్ తిరిగితే రెగ్యులేటర్ అరిగిందని అర్థం. పట్టకపోతే చపాతీ కర్రతోనో గరిటెతోనో మీద కొట్టడం వల్ల లోపలి పిన్ను వంగుతుంది, తర్వాత వచ్చే ప్రతి బండకీ లీకు మొదలవుతుంది. మంట ఉన్నట్టుండి ఎగిసిపడటం, రెగ్యులేటర్ పైనున్న చిన్న రంధ్రం దగ్గర సబ్బు నీళ్లు బుడగలు కట్టడం, ఈ రెండూ లోపలి పల్చటి రబ్బరు పొర చిరిగిన గుర్తులు. దానికి ఇంట్లో చేసే రిపేరు ఏదీ లేదు.

ఇంటింటికీ తిరిగి అమ్మే "గ్యాస్ సేఫ్టీ డివైస్"ల సంగతి ఇక్కడే చెప్పాలి. గడియారం లాంటి మీటరు ఉంటుంది, రెగ్యులేటర్‌కీ బండకీ మధ్య బిగిస్తారు, లీకైతే దానంతటదే ఆగిపోతుందని ఒక ప్రదర్శన చేసి చూపిస్తారు. కొనకండి. ఒకే ఒక్క అతుకు ఉండాల్సిన చోట రెండు అతుకులు పెడుతుంది అది. కారే అవకాశం ఉన్న వాషర్లు కూడా రెండవుతాయి. గ్యాస్ కంపెనీలు తాము ఆమోదించని పరికరాలు బండకి తగిలించొద్దనే చెబుతాయి. కంపెనీ రంగు చొక్కా వేసుకుని వచ్చి, "చెకింగ్ తప్పనిసరి, పైపు మార్చకపోతే కనెక్షన్ కట్ చేస్తారు" అని బెదిరించేవాళ్లూ ఉంటారు. ఐదేళ్లకోసారి చేసే తప్పనిసరి తనిఖీ నిజంగానే ఉంది. కానీ దానికి వచ్చేది మీ ఏజెన్సీ మెకానిక్, గుర్తింపు కార్డు చూపించాలి, కట్టిన డబ్బుకి రసీదు ఇవ్వాలి. అనుమానం వస్తే తలుపు తీయకముందే మీ గ్యాస్ పుస్తకం మీదున్న ఏజెన్సీ నంబరుకి ఫోన్ చేసి అడగండి. వచ్చినవాళ్లు ఇచ్చిన నంబరుకి కాదు.

పైపు. ఈ సమీక్షలో పూర్తి మార్కులు నారింజ రంగు సురక్ష పైపుకే. లోపల రబ్బరు, మధ్యలో ఉక్కు తీగల అల్లిక, పైన తొందరగా మంట అంటుకోని పొర. ఎలుక కొరికినా తీగ దగ్గర పళ్లు ఆగిపోతాయి. 1.2 మీటర్లు, 1.5 మీటర్ల పొడవుల్లో దొరుకుతుంది, ఐఎస్ఐ ముద్ర ఉంటుంది, ఐదేళ్ల గడువు పైపు మీదే రాసి ఉంటుంది. ఏజెన్సీ దగ్గరే కొని బిల్లు తీసుకోండి. పాత రోజుల ఆకుపచ్చ రబ్బరు గొట్టం ఇంకా వాడుతున్న ఇల్లు కనిపిస్తే అది ఎన్నాళ్లదని కూడా అడగక్కర్లేదు, మార్పించండి. అది పైకి బాగానే కనిపిస్తూ పొయ్యి నాజిల్ దగ్గర చిట్లుతుంది. వేడి తగిలేదీ నూనె తుంపరలు పడేదీ అక్కడే.

మంచి పైపుని కూడా మనమే పాడుచేస్తాం. నాజిల్ మీద ఉన్న గాట్లన్నీ మునిగేదాకా పైపుని తోయాలి. సగం ఎక్కించి పైన బిగింపు రింగు వేస్తే లాగినప్పుడు ఊడుతుంది. సులువుగా ఎక్కాలని నూనె రాస్తే ఊడటం కూడా అంతే సులువు. మంట మీద కాచి మెత్తబరిచే మెకానిక్‌ని ఆపండి, ఆ చివర తర్వాత గట్టిపడి పగులుతుంది. పైపుకి గుడ్డ తొడుగులు, ప్లాస్టిక్ కవర్లు వేయకండి, పగులు కనిపించదు. మాడ్యులర్ కిచెన్ చేయించుకున్న ఇళ్లలో గ్రానైట్‌కి రంధ్రం చేసి పైపుని కిందికి దించుతారు. రాయి అంచు పైపుని రోజూ రుద్దుతుంది. ఆ రంధ్రం అంచులు గుండ్రంగా నునుపు చేయించాలి, బండ పెట్టిన అల్మరా తలుపుకి కింద గాలి ఆడే జాలీ పెట్టించాలి. మూసిన అరలో కారిన గ్యాసు వాసన బయటికి వచ్చేసరికి లోపల చాలా పేరుకుని ఉంటుంది. వడ్రంగికి ఈ మాట మొదట్లోనే చెప్పండి, తర్వాత జాలీ కోసం తలుపు కోయమంటే ఒప్పుకోడు.

బండ ఎప్పుడూ నిటారుగానే ఉండాలి. గ్యాసు అయిపోవచ్చిందని పడుకోబెట్టో తలకిందులు చేసో ఆఖరి చుక్క వాడుకోవడం చాలా ఇళ్లలో పొదుపనుకుంటారు. లోపల ఉన్నది ద్రవం. అది ద్రవంగానే పైపులోకి వస్తే, ఒక లీటరు ద్రవం దాదాపు 250 లీటర్ల గ్యాసవుతుంది. రెగ్యులేటర్ తయారైంది ఆవిరికే కానీ ద్రవానికి కాదు. వేడినీళ్ల తొట్టెలో నిలబెట్టడం కూడా అలాంటిదే. పొయ్యి బండ కన్నా ఎత్తులో ఉండాలి. నేల మీద పొయ్యి, పక్కనే బండ పెట్టి పిండివంటలు చేసే పండగ రోజుల్లో ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

లీకు కనిపెట్టే అలారం కొనొచ్చా అంటే, కొనొచ్చు. బిగించే చోటు మాత్రం చాలామంది తప్పు చేస్తారు. బండ గ్యాసు కిందికి దిగుతుంది కాబట్టి నేల నుంచి అడుగు ఎత్తులో పెట్టాలి. పొగ అలారంలా పైకప్పుకి బిగిస్తే అది మోగేసరికి ఆలస్యమైపోతుంది. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో కొన్ని కాలనీలకి వచ్చే పైపు గ్యాసు గాలి కన్నా తేలిక. అక్కడ మాత్రం అలారం పైకప్పు దగ్గరే ఉండాలి. బండ నుంచి పైపు గ్యాసుకి మారినవాళ్లు అలారాన్ని కూడా పైకి మార్చాలి. పొయ్యికి మరీ దగ్గరగా పెడితే తిరగమోత ఘాటుకి కూడా మోగుతుంది, విసిగి ప్లగ్గు పీకేస్తారు. లోపలి సెన్సారు కొన్నేళ్లకి అరిగిపోతుంది, గడువు పెట్టె మీద చూసుకోండి. అలారం ఉందని సబ్బు నీళ్ల పరీక్ష మానకండి.

వాసన వచ్చినప్పుడు ఏం చేయాలో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ తెలియాలి. ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు, వేయడమే కాదు ఆర్పడం కూడా వద్దు. గ్యాసు బయటికి పోవాలని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం అన్నిటికన్నా ప్రమాదం. పొయ్యి, దీపం, అగరొత్తి ఆర్పి, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరవండి. నేల దగ్గర నుంచి గాలి వెళ్లే దారి ముఖ్యం, కాబట్టి వీధి తలుపు, బాల్కనీ తలుపు ముందు. ఫ్రిజ్ దానంతటదే ఆన్ అవుతూ ఉంటుంది, అందుకే కరెంటు మీటరు బోర్డు ఇంటి బయట ఉంటే అక్కడ మెయిన్ ఆపండి. ఫోన్ బయటికి వెళ్లాకే. 1906 నంబరు గ్యాసు లీకుల కోసమే ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. మంట అంటుకుంటే 101 గానీ 112 గానీ. వాసన తగ్గిందనిపిస్తే నమ్మకండి. కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది, జలుబు ఉన్నవాళ్లకి అసలు తెలియదు.

డెలివరీ సేవకి పదికి ఆరు. బుకింగ్ తేలికైంది, మిస్డ్ కాల్‌తోనో వాట్సాప్‌తోనో అయిపోతుంది. డెలివరీ కోడ్ మెసేజ్ రావడం వల్ల మీ పేరు మీద బండ వేరే చోటికి పోవడం కష్టమైంది. ఆ కోడ్ బండ చేతికొచ్చాకే చెప్పాలి, ముందు రోజు ఫోన్లో అడిగితే చెప్పొద్దు. మార్కులు తగ్గేది రెండు చోట్ల. బిల్లు మీద ముప్పై, యాభై అదనంగా అడగడం మామూలైపోయింది. బిల్లులో ఉన్న ధరలోనే ఇంటికి తెచ్చే ఖర్చు కలిసి ఉంటుంది, మూడో అంతస్తుకి మోసినా అంతే. ఇష్టపడి ఇవ్వడం వేరు, ఇవ్వకపోతే వచ్చే బండ ఆలస్యం చేస్తామనడం వేరు. రెండోది జరిగితే బిల్లు నంబరుతో కంపెనీ యాప్‌లో ఫిర్యాదు చేయండి, కదలిక లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తూకం తక్కువైతే తూనికలు కొలతల శాఖకి చెప్పాలి, ఆ బండని అప్పటిదాకా వాడకుండా సీలుతో ఉంచాలి. మార్కులు తగ్గిన రెండో చోటు మూతి పరీక్ష. చాలామంది డెలివరీ అబ్బాయిలకి దాన్ని చేసి చూపించే ఓపిక ఉండదు. తప్పు వాళ్ల ఒక్కరిదే కాదు, బండకి ఇంత చొప్పున పనిచేసే మనిషికి ఆ రెండు నిమిషాలకి ఏజెన్సీ ఏమీ ఇవ్వదు.

ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు ఉచిత బండలు, తెలంగాణలో 500 రూపాయల బండ వచ్చాక, "మీ ఈ-కేవైసీ కాలేదు, రాయితీ ఆగిపోతుంది, ఈ ఫైలు తెరవండి" అనే మెసేజ్‌లకి భయపడటం కూడా ఎక్కువైంది. ఈ-కేవైసీ ఏజెన్సీలో ఉచితంగా చేస్తారు, కంపెనీ సొంత యాప్‌లో మీరే చేసుకోవచ్చు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు నొక్కి అందులోని యాప్ ఎక్కించుకుంటే ఫోన్లోకి వచ్చే మెసేజ్‌లన్నీ అవతలివాళ్లకి వెళ్లిపోతాయి, బ్యాంకు ఓటీపీలతో సహా. పొరపాటున నొక్కితే ముందు ఫోన్ ఇంటర్నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి.

ఆఖరుగా బీమా. "ప్రతి బండకీ 50 లక్షల బీమా ఉంది" అని తిరిగే మెసేజ్ నిజం కాదు. గ్యాస్ కంపెనీలు తీసుకునే పాలసీలో ప్రాణం పోతే మనిషికి 6 లక్షలు, వైద్యానికి ఒక ప్రమాదానికి మొత్తం 30 లక్షల దాకా, అందులో ఒక్కొక్కరికి 2 లక్షలు మించకుండా, రిజిస్టరైన ఇంట్లో ఆస్తినష్టానికి 2 లక్షల దాకా ఉంటుంది. మీరు విడిగా ప్రీమియం కట్టక్కర్లేదు. ప్రమాదం జరిగిన వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలపాలి. కంపెనీకీ బీమా సంస్థకీ చేరవేయాల్సింది ఏజెన్సీయే. పోలీసు రిపోర్టు, ఆసుపత్రి అసలు బిల్లులు, మందుల చీటీలు దాచండి. ఇల్లు మారి చిరునామా మార్చుకోనివాళ్లకి ఆస్తినష్టం దగ్గర చిక్కొస్తుంది, ఎందుకంటే పాలసీ చూసేది రిజిస్టరైన చిరునామానే. అద్దె ఇల్లు మారిన వారంలోనే ఏజెన్సీకి వెళ్లి పుస్తకంలో కొత్త చిరునామా రాయించుకోండి. పైపు కొన్న బిల్లు కూడా ఆ పుస్తకంలోనే పెట్టండి.